హజ్‌కు వెళ్లే హాజీ లెక్క ఉంది.. గల్ఫ్‌కు పోయిన కొడుకు లెక్క ఎక్కడుంది?

హజ్ సీజన్ వచ్చిందంటే నాంపల్లి హజ్ హౌస్ దగ్గర సందడి మనందరికీ తెలిసిందే. పబ్లిక్ గార్డెన్స్‌కు ఎదురుగా రోడ్డంతా బంధువులే. పూలదండలు, జమ్‌జమ్ తెమ్మని అడిగేవాళ్లు, దువా చేయమని చేతులు పట్టుకునేవాళ్లు. లోపల మాత్రం పని పద్ధతిగా సాగుతుంది. ప్రతి హాజీకీ ఒక కవర్ నంబరు. ఏ విమానం, మక్కాలో ఏ బిల్డింగు, ఏ గది, వెంట ఎవరు, అన్నీ రాసి ఉంటాయి. చేతికి పేరూ వివరాలూ ఉన్న కడియం. దారి తప్పితే ఆ కడియం చూసి బిల్డింగుకు చేరుస్తారు. 2024 నుంచి ఫోన్‌లో హజ్ సువిధ యాప్ కూడా వచ్చింది.

హాజీ వెళ్లేది సుమారు 40 రోజులకు.

అదే హజ్ హౌస్ నుంచి అబిడ్స్ వైపు నాలుగడుగులు వేయండి. సందుల్లో ట్రావెల్ ఏజెన్సీలు, టికెట్ బుకింగ్ ఆఫీసులు, జిరాక్స్ షాపులు కనిపిస్తాయి. చేతిలో ప్లాస్టిక్ ఫైలు పట్టుకున్న కుర్రాళ్లు వస్తూ పోతూ ఉంటారు. వాళ్లలో కొందరు వచ్చే నెల రియాద్‌లో ఉంటారు, కొందరు దోహాలో. వెళ్లేది ఐదేళ్లకు, పదేళ్లకు, కొందరు పాతికేళ్లకు. వాళ్లలో ఎంతమంది హైదరాబాద్ వాళ్లు? ఎంతమంది నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల నుంచి వచ్చారు? ఎంతమంది తిరిగొచ్చారు? ఎంతమంది అప్పులతో వచ్చారు? ఈ ప్రశ్నలకు నమ్మదగిన ఒక్క రిజిస్టర్ మన దగ్గర లేదు.

నలభై రోజుల ప్రయాణానికి ఉన్న లెక్క నలభై ఏళ్ల వలసకు ఎందుకు లేదు? ఉంటే మన ఇళ్లకు ఏం లాభం? ఈ వ్యాసంలో చూద్దాం.

వలస మనకు కొత్త కాదు

ముందు ఒక సంగతి. వలస అంటే మనవాళ్లు బయటికి పోవడమే కాదు, బయటివాళ్లు మన దగ్గరికి రావడం కూడా. అబిడ్స్ అన్న పేరే అలా వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిడ్ ఇక్కడ పెట్టిన దుకాణం పేరు మీద ఆ ప్రాంతం అబిడ్స్ అయింది. ఆయన బయటి నుంచి వచ్చిన మనిషే. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరిన అరబ్బుల సంతతి ఇవాళ్టికీ బార్కస్‌లో ఉంది. ఒకప్పుడు అక్కడివాళ్లు కూటి కోసం ఇక్కడికి వచ్చారు. 1973లో చమురు ధరలు పెరిగాక దారి తిరగబడింది. మనవాళ్లు అటు బయలుదేరారు.

ఆ రోజుల్లో ఇంటికి వార్త రావాలంటే ఉత్తరమే. గొంతు వినాలంటే మాటలు రికార్డు చేసిన క్యాసెట్. ఇప్పుడు జగదీష్ మార్కెట్‌లో కొన్న ఫోన్‌లో రోజూ ముఖం చూసుకుంటున్నాం. మాట దగ్గరైంది, మనిషి మాత్రం అంతే దూరంలో ఉన్నాడు.

ప్రపంచం ఎటు పోతోంది?

ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2024లో పుట్టిన దేశం కాకుండా మరో దేశంలో బతుకుతున్నవాళ్లు 30.4 కోట్ల మంది. 1990లో ఈ సంఖ్య 15.4 కోట్లు. అంటే ముప్పై నాలుగేళ్లలో దాదాపు రెట్టింపు అయింది. అయినా ప్రపంచ జనాభాలో వీళ్లు 3.7 శాతమే. అందరూ దేశాలు దాటిపోతున్నారని టీవీల్లో కనిపించే హడావుడికీ అసలు లెక్కకూ ఇంత తేడా. వంద మందిలో తొంభై ఆరుగురు ఇప్పటికీ సొంత దేశంలోనే ఉన్నారు. వలస వెళ్లినవాళ్లలో సగానికి కాస్త తక్కువ మంది ఆడవాళ్లు.

బయటి దేశాల్లో ఎక్కువ మంది ఉన్నది భారతీయులే. 2024లో సుమారు 1.85 కోట్లు. గల్ఫ్‌లోని ఆరు దేశాల్లో కలిపి దాదాపు 90 లక్షల మంది ఉన్నారని మన విదేశాంగ శాఖ చెప్తోంది.

వీళ్లు పంపే డబ్బు చిన్నది కాదు. 2022లో ఇండియాకు ఒక్క ఏడాదిలో 11,100 కోట్ల డాలర్లు వచ్చాయి. 10,000 కోట్ల డాలర్లు దాటిన మొదటి దేశం మనదే. 2024లో అది 12,900 కోట్ల డాలర్లకు చేరిందని ప్రపంచ బ్యాంకు అంచనా. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వేలో మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత నాలుగో స్థానం తెలంగాణదే. దేశానికి వచ్చిన మొత్తంలో 8.1 శాతం మన రాష్ట్రానికి చేరింది.

అదే సర్వేలో ఇంకో మార్పు కూడా కనిపిస్తుంది. 2016-17లో డబ్బులో సుమారు సగం గల్ఫ్ నుంచే వచ్చేది. 2023-24కి అది 38 శాతానికి తగ్గింది. ఒక్క అమెరికా వాటా దాదాపు 28 శాతం అయింది. అబ్బా తరం జిద్దా వెళ్లింది, కొడుకు తరం డల్లాస్, చికాగో చూస్తోంది. చాలా ఇళ్లలో ఈ రెండూ పక్కపక్కనే జరుగుతున్నాయి.

నీళ్ల లెక్క, మనుషుల లెక్క

వలస లెక్కల్లో రెండు రకాలు ఉంటాయి. గండిపేట చెరువును తలుచుకుంటే సులువుగా అర్థమవుతుంది. ఇవాళ చెరువులో ఎన్ని నీళ్లున్నాయి అన్నది ఒక లెక్క. రోజుకు ఎన్ని వస్తున్నాయి, ఎన్ని పోతున్నాయి అన్నది ఇంకో లెక్క. పైన చెప్పిన 30.4 కోట్లు మొదటి రకం. ఈ ఏడాది ఎంతమంది వెళ్లారు, ఎంతమంది తిరిగొచ్చారు అన్నది రెండో రకం.

ప్రభుత్వాలు చేసే పనులకు ఎక్కువగా కావాల్సింది రెండోదే. వచ్చే జూన్‌లో బడిలో ఎన్ని సీట్లు కావాలి, ఎంతమందికి బ్యాంకు లోను కావాలి, ఎన్ని కుటుంబాలకు సాయం అందాలి అన్నవి వచ్చే, పోయే వాళ్ల లెక్క మీదే ఆధారపడతాయి. మన దగ్గర సరిగ్గా ఆ లెక్కే బలహీనం.

ఒకే ఇల్లు, ఐదు లెక్కలు

మల్లేపల్లిలో ఒక ఇల్లు ఊహించుకుందాం. పేర్లు వద్దు. ఇలాంటి ఇల్లు మీ గల్లీలోనూ ఉంటుంది.

పెద్దబ్బాయి పదో తరగతి తప్పాడు. డ్రైవర్‌గా సౌదీ వెళ్లాడు. పది పాస్ కాలేదు కాబట్టి అతని పాస్‌పోర్టు ఈసీఆర్ రకం. అంటే 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర అనుమతి తీసుకోవాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన షరతు ఇది. ఆ అనుమతి ఈ-మైగ్రేట్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో వస్తుంది. కాబట్టి పెద్దబ్బాయి ప్రభుత్వ లెక్కలో ఉన్నాడు.

రెండో అబ్బాయి బీకాం. దుబాయ్‌లో అకౌంటెంట్. అతనికి ఈ అనుమతి అక్కర్లేదు. పది పాసైనవాళ్లకు, 50 ఏళ్లు దాటినవాళ్లకు, మూడేళ్లకు పైగా విదేశంలో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. కాబట్టి అతను ఆ లెక్కలో లేడు. ఒకప్పుడు విమానాశ్రయంలో మన దేశస్తులు కూడా ఎందుకు వెళ్తున్నారో రాసి ఒక కార్డు ఇచ్చేవాళ్లు. 2017 జులై 1 నుంచి అది కూడా తీసేశారు. లైన్ తగ్గింది, మంచిదే. కానీ దాంతోపాటు ఒక సమాచారం కూడా పోయింది.

ఇంటి పక్క వాటాలో ఉండే ఖాలా ఇంటిపని కోసం మస్కట్ వెళ్లింది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్లాలన్న నియమం కూడా ఉంది. మన రాష్ట్రంలో ఆ ఏజెన్సీ టామ్‌కామ్. ఆఫీసు దూరమేమీ కాదు, మల్లేపల్లి ఐటీఐ క్యాంపస్‌లోనే. కానీ సబ్ ఏజెంటు మాట విని ఆమె విజిట్ వీసా మీద వెళ్లిపోయింది. కాగితం మీద ఆమె టూరిస్టు. అక్కడ జీతం ఆపేసినా, ఫోన్ లాక్కున్నా, ఆమె పనికి వెళ్లిందని చూపే కాగితం ఏదీ లేదు.

చిన్నమ్మాయి ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లింది. ఆమె లెక్క మన దగ్గర కంటే వాళ్ల దగ్గరే బాగా ఉంది. అమెరికా జనగణన శాఖ ఏటా కొన్ని లక్షల ఇళ్లను మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. ఆ ప్రశ్న వల్లే 2010 నుంచి 2017 మధ్య అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని తెలిసింది. అయితే మన అమ్మాయి ఆ ఫారంలో ఏం రాస్తుంది? ఇంట్లో అమ్మీతో మాట్లాడేది ఉర్దూ కాబట్టి ఉర్దూ అని రాస్తే తెలుగు లెక్కలో రాదు. వరంగల్‌లోనో గుంటూరులోనో పుట్టి ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం అబ్బాయి మాత్రం తెలుగు లెక్కలో వస్తాడు. ఏ ప్రశ్న ఎలా అడిగారన్న దాన్ని బట్టి మనం ఒక లెక్కలో కనిపిస్తాం, ఇంకో దాంట్లో మాయమవుతాం.

ఇక అబ్బా. ఇరవై ఏళ్లు దమ్మామ్‌లో చేసి 2018లో తిరిగొచ్చారు. వెళ్లినప్పుడు అనుమతి కాగితం ఉంది. వచ్చినప్పుడు ఎవరూ ఏమీ రాసుకోలేదు. తిరిగొచ్చినవాళ్లను నమోదు చేసే ఏర్పాటు లేదు.

ఒక్క ఇంట్లో ఐదుగురు. వలస కార్మికుల లెక్కలో పడింది ఒక్కరే. ఇప్పుడు ఈ-మైగ్రేట్ సంఖ్యలు చూసి గల్ఫ్ వలస తగ్గిందని ఎవరైనా అంటే ఎంతవరకు నమ్మాలి? 2015లో దేశం మొత్తం మీద అనుమతులు 7 లక్షలు దాటాయి. కరోనా ఏడాది 2020లో లక్షకు లోపే. తర్వాత మళ్లీ పెరిగాయి. అంత తేడాలో నిజంగా ఎంతమంది ఆగిపోయారు, ఎంతమంది పది పాసై లెక్క నుంచి బయటపడ్డారు, ఎంతమంది విజిట్ వీసా మీద వెళ్లిపోయారు అన్నది ఆ సంఖ్య చెప్పదు.

జనగణన ఈ లోటు తీర్చదా?

చివరి జనగణన 2011లో జరిగింది. 2021లో జరగాల్సింది వాయిదా పడింది. 2027 మార్చి 1ని గీటురాయిగా పెట్టుకుని కొత్త జనగణన జరుపుతామని 2025 జూన్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది.

జనగణనలో వలస గురించి ప్రశ్నలు ఉంటాయి. ఎక్కడ పుట్టారు, ఇంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఎందుకు వచ్చారు అని అడుగుతారు. అవి వచ్చినవాళ్ల గురించి. లెక్క జరిగినన్ని రోజులూ ఊళ్లో లేనివాళ్లను ఆ ఇంట్లో లెక్కించరు. రియాద్‌లో ఉన్న కొడుకు అమ్మీ మనసులో ఉంటాడు, ఫారంలో ఉండడు.

లెక్క తప్పితే ఏమవుతుందో తెలియాలంటే మళ్లీ హజ్ హౌస్‌కే రండి. సౌదీ ప్రభుత్వం దేశాలకు హజ్ కోటా ఇచ్చేటప్పుడు పది లక్షల ముస్లిం జనాభాకు వెయ్యి మంది అన్నది మూల సూత్రం. మన దేశానికి వచ్చే కోటా 1,75,025. అందులో హజ్ కమిటీ వాటాను రాష్ట్రాలకు పంచేది 2011 జనగణనలో నమోదైన ముస్లిం జనాభాను బట్టి. అంటే మీ అబ్బాకు ఈసారి సీటు వస్తుందా, వెయిటింగ్ లిస్టులో పడతారా అన్నది పద్నాలుగేళ్లు దాటిన లెక్క మీద ఆధారపడి ఉంది. లెక్కలంటే ఆఫీసర్ల గొడవ అని అనుకుంటాం. అవి మన గుమ్మం దాకా వస్తాయి.

లెక్క లేకపోతే నష్టం ఎవరికి?

సౌదీ ఫ్యామిలీ ఫీజు సంగతి చాలా ఇళ్లకు గుర్తుండే ఉంటుంది. 2017 జులై నుంచి అక్కడ ఉంటున్న ప్రతి కుటుంబ సభ్యుడి మీద నెలకు 100 రియాళ్లు కట్టాలన్నారు. ఏటా 100 పెంచుతూ 2020 జులైకి 400 చేశారు. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్న మనిషికి నెలకు 1,600, ఏడాదికి 19,200 రియాళ్లు. మన డబ్బులో నాలుగు లక్షల పైనే. ఇఖామా రెన్యువల్ చేయించుకోవాలంటే ముందే కట్టాలి. చిన్న జీతాలవాళ్లు ఏం చేస్తారు? పెళ్లాం పిల్లల్ని హైదరాబాద్ పంపేసి తాము నలుగురైదుగురితో కలిసి గది అద్దెకు తీసుకున్నారు.

అలా వచ్చిన పిల్లలు ఎంతమంది? ఏ క్లాసులో చేరారు? మెహదీపట్నం, టోలిచౌకి, మల్లేపల్లి బళ్లలో ఆ ఏడు ఎన్ని సీట్లు అదనంగా కావాల్సి వచ్చింది? సరిగ్గా ఆ సమయంలోనే, 2018లో, తెలంగాణలో అన్ని బళ్లలో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తెలుగు నేర్పడం మంచి పనే, ఇక్కడ బతకాలంటే తెలుగు కావాలి. కానీ జిద్దాలో పుట్టి, అక్కడి ఇండియన్ స్కూల్లో ఉర్దూనో హిందీనో చదివిన పిల్లకు అ ఆలు కూడా కొత్తే. ఇలాంటి పిల్లలు ఫలానా మండలంలో ఇంతమంది ఉన్నారని ముందే తెలిసి ఉంటే, సెలవుల్లో ఒక బ్రిడ్జి కోర్సు పెట్టడం పెద్ద కష్టమేమీ కాదు. తెలియదు కాబట్టి భారమంతా తల్లుల మీద పడింది. ట్యూషన్ ఫీజు రూపంలో, రాత్రిళ్లు కన్నీళ్ల రూపంలో.

2020 మేలో వందే భారత్ మిషన్ విమానాలు మొదలైనప్పుడూ ఇదే జరిగింది. దిగినవాళ్ల జ్వరం చూశారు, క్వారంటైన్‌కు పంపారు. వాళ్లు ఎంత జీతం బకాయి వదిలి వచ్చారు, మళ్లీ వెళ్తారా అన్నది పద్ధతిగా నమోదు చేసే అవకాశం చేజారింది.

ఇంకో ఉదాహరణ. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. చాలా ఏళ్ల డిమాండ్ అది, మంచి నిర్ణయం. అయితే సాయం ఇవ్వాలంటే ఆ మనిషి అక్కడ పనికి వెళ్లినట్టు కాగితాలు చూపాలి కదా. విజిట్ వీసా మీద వెళ్లినవాడి భార్య ఏం చూపిస్తుంది? కఫీల్ దగ్గరి నుంచి బయటపడి, మనోళ్లు ఖల్లివెల్లి అంటారే, అలా బతికినవాడి తల్లి ఏ కాగితం తెస్తుంది? లెక్కలో లేనివాడు బతికున్నప్పుడే కాదు, పోయాక కూడా లెక్కలో లేకుండానే పోతాడు.

కేరళ ఏం చేసింది?

కేరళ 1996లోనే ప్రవాసుల కోసం ప్రత్యేక శాఖ పెట్టింది. 1998లో తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి.జకారియా, ఎస్.ఇరుదయ రాజన్ ఇంటింటి వలస సర్వే మొదలుపెట్టారు. అప్పటి నుంచి కొన్నేళ్లకోసారి అది జరుగుతూనే ఉంది. 2023 సర్వేలో 20,000 ఇళ్లకు వెళ్లారు. ఎవరు వెళ్లారు, ఏ దేశం, ఎంత ఖర్చయింది, ఎంత పంపుతున్నారు, ఎవరు తిరిగొచ్చారు అని అడిగారు.

దాంతో వాళ్లకు తెలిసినవి చూడండి. బయట ఉన్న మలయాళీలు సుమారు 22 లక్షలు. ఒక ఏడాదిలో వచ్చిన డబ్బు 2.16 లక్షల కోట్ల రూపాయలు. 2018 నుంచి 2023కి బయటికి వెళ్లిన విద్యార్థులు దాదాపు రెట్టింపై రెండున్నర లక్షలయ్యారు. తిరిగొచ్చినవాళ్లకు పింఛను ఎంతమందికి ఇవ్వాలి, బడ్జెట్‌లో ఎంత పెట్టాలి అన్న చర్చ ఈ అంకెల మీద జరుగుతుంది. మన దగ్గర అదే చర్చ అందాజాగా పది లక్షలు, పదిహేను లక్షలు అన్న మాటల మీద జరుగుతుంది.

ఫిలిప్పీన్స్ ఇంకో అడుగు ముందుంది. అక్కడి గణాంక శాఖ విదేశాల్లో పనిచేసేవాళ్ల గురించి ఏటా సర్వే చేస్తుంది. 2021 చివర్లో వలస కార్మికుల కోసమే ఒక మంత్రిత్వ శాఖ పెడుతూ చట్టం కూడా చేశారు.

2018 డిసెంబరులో మొరాకోలోని మర్రకేష్‌లో ప్రపంచ దేశాలు వలసలపై ఒక ఒప్పందానికి వచ్చాయి. అందులో 23 లక్ష్యాలు ఉన్నాయి. మొట్టమొదటిది ఏంటో తెలుసా? సరైన, వివరమైన లెక్కలు సేకరించి వాటి ఆధారంగా విధానాలు చేయడం. ఐక్యరాజ్యసమితిలో ఆ ఒప్పందానికి ఇండియా అనుకూలంగా ఓటు వేసింది. కాబట్టి ఇది ఎవరో అడిగే దయ కాదు, మన దేశం ఒప్పుకున్న మాటే.

తెలంగాణకు ఇది చేతకాని పని కూడా కాదు. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. 2024 నవంబరులో మొదలుపెట్టిన కుల సర్వేలో 96 శాతానికి పైగా ఇళ్లను చుట్టింది. గల్లీ గల్లీ తిరిగే శక్తి ఉందని రెండుసార్లు రుజువైంది. కావాల్సింది ఐదేళ్లకోసారి, అవే ప్రశ్నలతో జరిగే వలస సర్వే. అందులో ఆడవాళ్ల వివరాలు విడిగా ఉండాలి. తిరిగొచ్చినవాళ్లు ఉండాలి. జిల్లా, మండలం, సామాజిక వర్గం వారీగా అంకెలు బయటపెట్టాలి. 1983 చట్టం స్థానంలో తేవాలనుకుంటున్న కొత్త బిల్లు ముసాయిదాను కేంద్రం 2025లో ప్రజల ముందు పెట్టింది. ఈ విషయం మన ప్రతినిధులను అడగడానికి ఇదే సమయం.

పేరు చెప్పాలంటే భయం ఉంది కదా

ఇక్కడ ఒక మాట దాచుకోకుండా చెప్పుకోవాలి. సర్వేవాళ్లు తలుపు కొడితే మన ఇళ్లలో చాలామందికి గుండె ఝల్లుమంటుంది. 2019-20లో ఎన్ఆర్సీ మాటలు విన్నాక ఆ భయం ఇంకా పెరిగింది. కొడుకు బయట ఉన్నాడని చెబితే రేషన్ కార్డులో పేరు తీసేస్తారేమో, ఓటు పోతుందేమో అని అమ్మీలు అడుగుతారు. ఈ భయాన్ని వెటకారం చేయకూడదు.

దానికి జవాబు రెండు వైపులా ఉంది. జనగణనలో మనం చెప్పిన వివరాలకు 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ ఫారాలను ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా పెట్టడానికీ వీల్లేదు. వలస సర్వేకు కూడా అలాంటి హామీయే కావాలని మనం అడగాలి. పేర్లు లేకుండా అంకెలే బయటికి రావాలి. కేరళ సర్వేలో మనం చూసేది అంకెలే, ఎవరి పేరూ కనిపించదు. ఇక రెండో వైపు. భయపడి మనం చెప్పకపోతే లెక్కలో మన వీధి ఖాళీగా కనిపిస్తుంది. ఖాళీగా కనిపించే వీధికి ఏ పథకమూ రాదు.

మన చేతిలో ఉన్నది

ప్రభుత్వం సర్వే చేసే దాకా ఆగకుండా ప్రతి ఇల్లూ చేసుకోగల పనులు కొన్ని ఉన్నాయి.

పాస్‌పోర్టు ఈసీఆర్ రకమా కాదా చూసుకోండి. ఈసీఆర్ అయితే అనుమతి లేకుండా, విజిట్ వీసా మీద పనికి వెళ్లొద్దు. ఏజెంటు ఎంత దగ్గరి చుట్టమైనా సరే, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి. నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోగల సర్వీసు ఛార్జి గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే రశీదు అడగండి. అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోండి. ఈసీఆర్ వాళ్లకు అది తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల బీమా. ఒక పూట దావత్‌కు పెట్టే ఖర్చు కంటే తక్కువ. నామినీ పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఒకేలా ఉన్నాయో చూసుకోండి. మొహమ్మద్ ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఎండీ అని ఉంటే తర్వాత తిప్పలు మన ఆడవాళ్లకే.

వెళ్లేవాళ్ల పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, ఇఖామా, కంపెనీ అడ్రసు, బీమా పాలసీ కాపీలు ఒక ఫైలులో పెట్టి ఇంట్లో ఉంచండి. ఫోన్‌లో ఉన్నాయిలే అని వదిలేయొద్దు. ఆ ఫోన్ వాళ్ల దగ్గరే ఉంటుంది. కష్టం వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090.

జనగణన వాళ్లు వచ్చినప్పుడు అడిగిన ప్రశ్నలకు సరైన జవాబు చెప్పండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఇక్కడ ఉంటున్నవాళ్లు ఇంతకుముందు ఎక్కడ ఉన్నారని అడిగితే సౌదీ, కువైట్ అని చెప్పడానికి సిగ్గుపడాల్సింది లేదు. హలాల్ సంపాదన కోసమే కదా వెళ్లింది.

మసీదు కమిటీలు, బస్తీ పెద్దలు ఇంకో పని చేయొచ్చు. తమ బస్తీలో ఎన్ని ఇళ్ల నుంచి బయట ఉన్నారు, ఎంతమంది తిరిగొచ్చారు, ఎందరు వితంతువులు సాయం కోసం చూస్తున్నారు అన్నది పేర్లు లేకుండా అంకెలుగా రాసుకుంటే చాలు. ఆ ఒక్క కాగితం పట్టుకుని కార్పొరేటర్ దగ్గరికో, ఎమ్మెల్యే దగ్గరికో వెళ్తే మాటకు బరువు ఉంటుంది. చాలామంది ఉన్నారు సార్ అంటే వాళ్లు తల ఊపుతారు. మా బస్తీలో 63 ఇళ్లు అంటే పెన్ను తీస్తారు.

హజ్ హౌస్ నుంచి బస్సు కదిలేటప్పుడు హాజీ చేతి కడియం చూసి ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఎక్కడున్నా, ఏమైనా, మనిషిని గుర్తుపడతారన్న ధీమా అది. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి అబిడ్స్‌లో టికెట్ తీసుకుని శంషాబాద్ నుంచి ఎగిరిపోయే మన కుర్రాళ్లకు కూడా అలాంటి ధీమా ఒకటి కావాలి. అది లెక్కలో పేరు రాయడంతోనే మొదలవుతుంది.